క్రియాపదం చివర

గురువారం సాయంత్రాలు మిడిల్స్‌బ్రో లైబ్రరీ పై అంతస్తులో
ఆరుగురం కూర్చుంటాం.
హీటర్ ఒక పక్కే పనిచేస్తుంది కాబట్టి
కవిత్వమెప్పుడూ కిటికీకి దూరంగా జరుగుతుంది.

ఆస్పత్రి ల్యాబ్ నుంచి నేరుగా వస్తాను,
పగలంతా ఈ ఊరి నెత్తురు చూసి.
ట్యూబుకో బార్‌కోడ్. పేర్లు చదవను.

ఇవాళ నా వంతు.
తెలుగులో రాసుకున్నదాన్ని
వాన మొదలయ్యాక తీగ మీది చీరని లాగినట్టు
ఇంగ్లీషులోకి లాక్కొచ్చాను.

చదవడం అయ్యాక
విల్ఫ్ గార్బట్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు
(ముప్ఫై ఏళ్లు ఉక్కు కర్మాగారంలో, ఒక వేలు లేదు)
"పంతొమ్మిది పంక్తుల్లో పద్నాలుగు నేనులు, అమ్మాయ్.
అన్నిసార్లు పిలుచుకుంటే గాని పలకవా?"

కాగితం తిప్పి చూసుకున్నాను.
నిజమే. పంక్తి పంక్తికీ మొదట్లో
ఒక్క అక్షరం, నిటారుగా,
టీస్ ఒడ్డున పొగ మానేసిన గొట్టంలా.

అసలులో ఒక్కటీ లేదు.
వచ్చాను, చూశాను, తలుపు వేసుకున్నాను.
మా భాషలో నేను ముందు నడవదు.
పనంతా అయ్యాక
క్రియాపదం చివర చెప్పులు విడిచి
"ను" అని చిన్నగా దగ్గుతుంది.

విజయనగరంలో ఎమ్మే చదివేటప్పుడు
పేరిశాస్త్రిగారు నా కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి
"ఛందస్సు పోతే పోయింది, సమాజమేదమ్మా ఇందులో?" అన్నారు.
తెచ్చాను.
రేషన్ క్యూ, రిక్షా, జనపనార మిల్లు సమ్మె.
క్యూలో నిలబడ్డవాళ్లందరి తరఫునా ఏడ్చాను
ఒక్కరినీ అడక్కుండా.

అవే ఇక్కడ చదివితే
మోయిరా కళ్లజోడు తీసి మెత్తగా అడిగింది:
"జనం బాగానే ఉన్నారు. నువ్వెక్కడ?"
అప్పట్నుంచి నన్ను వెతికి వెతికి తెచ్చి పెడుతున్నాను.
చప్పగా ఉందన్న ఇంట్లో చెంచాడు ఉప్పు,
ఎక్కువైందన్న ఇంట్లో నీళ్లు.
నలభై ఆరొచ్చాయి
నా రుచేమిటో నాకింకా తెలీదు.

టీ తాగుతుంటే మోయిరా ఒక ఉత్తరం తిప్పింది:
లైబ్రరీ వేళలు తగ్గించొద్దని కౌన్సిల్‌కి.
అందరం సంతకం చేయాలి.
మొదటి మాట దగ్గరే పెన్ను ఆగింది.
ఆ "వియ్" అనే గదికి కిటికీలు లేవు,
లోపల ఎవరున్నారో బయటికి కనపడదు.

మా దగ్గర రెండున్నాయి, అన్నాను.
మేము, నువ్వు లేనిది.
మనం, నువ్వున్నది.

కాసేపు అందరం హీటర్ చప్పుడు విన్నాం.

కాగితాల కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్న హేమిన్
బిస్కెట్ ముంచడం ఆపి
"హోమ్ ఆఫీసు ఉత్తరంలో ఉండేది మొదటిది" అన్నాడు.

విల్ఫ్ గడ్డం గోక్కున్నాడు.
"కొలిమి ఆర్పిన రోజు టీవీలో ఒక సూటాయన
అందరికీ బాధగానే ఉందన్నాడు, మాటకి ముందొకటి వియ్, వెనకొకటి వియ్.
అది ఏది?"

మనం అని పలికిన మేము,
అన్నాను.

అన్నాక చెవులు వేడెక్కాయి.
నా క్యూలు, నా రిక్షాలు, నా సమ్మె
అన్నిటిదీ అదే వ్యాకరణం.

సంతకం మాత్రం చేశాను.

బస్‌స్టాప్ దగ్గర సముద్రపు మంచు
వీధి దీపాల్ని ఒక్కొక్కటే నముల్తోంది.
విల్ఫ్ దారంతా ఆ మాటని నోట్లో తిప్పుకుంటున్నాడు,
బుగ్గన పెట్టిన పిప్పరమెంటులా.
చివరికి, "మనం చలి" అన్నాడు.

తప్పే. మనకి చలి, అనాలి.
చలేసినప్పుడు మా భాషలో మనిషి కర్త కాడు,
ఊరికే పక్కన నిలబడతాడు, "కి" పట్టుకుని.
దిద్దలేదు.

అరవైమూడో నంబరు వచ్చింది.
కవిత కోటు జేబులోనే ఉంది,
పద్నాలుగు గొట్టాలూ తడుస్తూ.
ఇంటికెళ్లి ఎన్ని కూల్చాలో చూస్తాను.