ఆరంకెలు

పొద్దున పదకొండింటికి
నా ఫోన్‌కు ఓటీపీ వచ్చింది.
నాలుగు వందల పన్నెండు కోట్లకు
తాళంచెవి ఇంత చిన్నదా అనుకున్నాను.

జీడిమెట్లలో మా కంపెనీ.
జ్వరం మాత్రలకు ముడిపొడి చేస్తాం.
ట్రెజరీ అని బోర్డు పెద్దదే గానీ
లోపల నేనూ, ఒక ఇనప్పెట్టెలాంటి బీరువా,
దాన్నిండా ఫిక్స్‌డ్ డిపాజిట్ల రసీదులు.
పంతొమ్మిదేళ్లుగా
గడువు తీరినవాటిని మళ్లీ వేస్తూనే ఉన్నాను,
నారు తీసి నాటినట్టు.

రుక్మాంగదం గారిది పాలమూరు.
గంజి కేంద్రం ముందు సత్తుగిన్నెతో నిలబడ్డ పిల్లాడు
ఛైర్మనయ్యాక కూడా
ఏ ఫైలు పెట్టినా ఒకటే అడిగేవారు:
"మళ్ల కరువొస్తే?"
బి-బ్లాక్ రేకులు మార్చాలన్నా,
బాయిలర్ గట్టయ్య ఇంక్రిమెంటన్నా
"మళ్ల కరువొస్తే?"
పిసినారి అని తిట్టుకున్నాం.
లాక్‌డౌన్‌లో ఊరంతా జీతాలు కోసినప్పుడు
మాకు మాత్రం ఒకటో తారీఖు ఒకటో తారీఖే.
ఆ నాలుగు నెలలూ ఎవరూ తిట్టలేదు.

ఆయన పోయారు. వాటాలు చెదిరాయి.
నానక్‌రామ్‌గూడ అద్దాల మేడ నుంచి
ముగ్గురు కుర్రాళ్లు దిగారు, మెడల్లో పట్టీలతో.
రియాక్టర్లు చూడలేదు.
వాసనకు ముక్కు మూసుకుని
నేరుగా నా బీరువా దగ్గరికే వచ్చారు.
ప్రణీత్ అట, ఒకడు. మర్యాదస్తుడే.
నా చేతి టీ తాగి నవ్వుతూ అన్నాడు:
"మేడమ్, ఇంత నగదు ఊరికే పడుకోబెడితే
ఎవరో ఒకరు వస్తారు కదా."
పడుకోబెట్టలేదు బాబూ, కాపలా కాశాం
అనబోయి
చక్కెర సరిపోయిందా అన్నాను.

లెక్క ఇలా కుదిరింది.
ఐదు వందల కోట్లకు మమ్మల్ని కొన్నారు.
పది రోజుల కోసం అప్పు తెచ్చి కట్టారు.
పదకొండో రోజు, అంటే ఇవాళ,
మా డిపాజిట్లన్నీ బ్రేక్ చేసి
ప్రత్యేక డివిడెండని పేరు పెట్టి
ఆ అప్పుకే జమ.
అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాను.
అత్త సొమ్ముతో అత్తనే కొనడం
ఇదే చూడ్డం.

మిగిలింది ఎనభై ఎనిమిది కోట్లు.
అందులోనే రియాక్టర్లు, రెండెకరాల నేల,
మూడొందల ఎనిమిది మందిమి,
గట్టయ్య మోచేతి మీద కాలిన మచ్చ,
బట్టలకు పట్టి వదలని ఆ వాసన.
నా పంతొమ్మిదేళ్లు ఏ పద్దులో వేశారో
వెతికాను గానీ దొరకలేదు.

ఆరంకెలూ నొక్కాను.
తప్పెక్కడా లేదు. చట్టం సరే, సంతకాలు సరే.
తెర మీద సున్నా
సత్తుగిన్నె మూతిలా గుండ్రంగా ఉంది.

బయట వాన పట్టుకుంది.
బి-బ్లాక్ రేకుల కింద
గట్టయ్య బకెట్ జరుపుతున్న చప్పుడు.
నేను లేచి
ఖాళీ బీరువాకు తాళం వేసి
అలవాటు కొద్దీ
రెండుసార్లు లాగి చూశాను.