గోడవైపు కాలు

ఖజానా ఆఫీసులో గుమాస్తాని. కయెటానో రెబెలో నా పేరు,
గోవా నుంచి ఓడెక్కి వచ్చినవాణ్ణి.
నైరోబీలో ఇరవై రెండేళ్లుగా
ఎవరెవరి డబ్బో నా చేతిరాతలో నిద్రపోతోంది.

ఎడమ పేజీ రాబడి. గుడిసె పన్ను:
గుడిసెకి పన్నెండు షిల్లింగులు.
మొగుడు చచ్చినా గుడిసె చావదు గనక
విధవ దగ్గరా వసూలే.
కుడి పేజీ ఖర్చు. రోడ్లు, జైలు, గవర్నరు గారి గులాబీలు,
మ్యూజియం గ్రాంటు మూడు వందల పౌండ్లు.
రెండు పేజీలకీ నడుమ అడ్డం
బైండింగు దారం ఒక్కటే.

ఓసారి పెన్సిలుతో మార్జిన్‌లో లెక్క కట్టాను:
మ్యూజియానికి ఏడాదికి ఐదువందల గుడిసెలు.
వెంటనే రబ్బరుతో చెరిపి
పొట్టు ఊదేశాను.

మ్యూజియం గేటుకి ఇత్తడి పలక.
యూరోపియన్లకి రోజూ.
మా బోటి ఏషియా వాళ్లకి శనివారం మధ్యాహ్నం.
నేటివులకి గురువారం రెండు నుంచి నాలుగు,
యజమాని చీటీ ఉంటేనే.
ఏనుగు మాత్రం అన్ని రోజులూ లోపలే.
కడుపులో గడ్డి కూరి నిలబెట్టాక
అదే జాతిదని ఎవరూ అడగలేదు.

ఒక గురువారం స్యోంబువా వచ్చింది,
మచాకోస్ కొండల నుంచి రెండు రోజులు నడిచి,
వీపున అమ్మకానికి నార బుట్టలు,
రేకు డబ్బాలో తొమ్మిదేళ్ల రసీదులు.
గేటు దగ్గర జవాను పొమ్మన్నాడట.
"డబ్బు కట్టించుకునేది మీరేగా, మీరు చెప్పండి.
లోపల మా అత్త చేసిన సొరబుర్ర ఉంది.
దొర సబ్బుబిళ్ల ఇచ్చి పట్టుకుపోయాడు.
చీటీ తెమ్మంటున్నారు.
నాకు యజమాని లేడు, బాబూ. ఎవరు రాస్తారు?"

నా దగ్గర కలం ఉంది, కాయితం ఉంది,
సర్కారు ముద్ర బెత్తెడు దూరంలో ఉంది.
పెన్షనుకి నాలుగేళ్లుంది.
రాయలేదు.

"శనివారం నేను చూసొచ్చి చెబుతాలే," అన్నాను,
దానం చేస్తున్న గొంతుతో.
ఆమె నన్ను ఎగాదిగా చూసింది.
"బుర్ర మీద గిన్నికోడి చెక్కి ఉంటుంది.
దాని కాళ్లు లెక్కపెట్టి రా.
లెక్కలు నీకు వచ్చుగా."

శనివారం పియెదాదె నా కోటు ఇస్త్రీ చేసింది.
లోపల మైనం వాసన, నా బూట్ల కిర్రు,
నా వెనకే, నాకేసి చూడకుండా నడిచే కాపలావాడు.
అద్దం వెనక సొరబుర్ర, పిడికెడు చీకటంత.
కింద చీటీ: నేటివ్ పాత్ర. కాంబా తెగ. చేసినవారు తెలియదు.
అద్దానికి ముక్కు ఆనించి చూశాను.
గిన్నికోడి. ఒంటి నిండా చుక్కలు.
కాళ్లు రెండు.
ఇంటికొచ్చి కూడా వేళ్ల మీద మరోసారి లెక్కపెట్టాను.

రెండు నెలలకి మళ్లీ వచ్చింది.
"రెండు," అన్నాను, బ్యాలెన్సు కుదిరిన రోజు గుమాస్తాలా.
ఆమె నవ్వింది. ఎంతలా అంటే
పక్క బల్లల వాళ్లు తలలెత్తారు.
"రెండేనా? మూడోదేదీ?
చెక్కుతుంటే కత్తి జారింది అత్తకి.
జారిన గీతకి వేళ్లు గీసి కాలు చేసేసింది.
నీళ్లు ముంచినప్పుడల్లా దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం.
ఆ కాలు గోడవైపు పెట్టేశారన్నమాట.
ఇంక చేసిందెవరో వాళ్లకేం తెలుస్తుంది?"

బుట్టలెత్తుకుని వెళ్లిపోయింది.
ఒకటి కొంటానంటే అమ్మలేదు.

మధ్యాహ్నం మచాకోస్ వసూళ్లు వచ్చాయి.
ఎడమ పేజీలో మొత్తం వేసి
కలం ఎత్తి పట్టుకున్నాను, ఎంతసేపో.
సిరా రాలింది.

మార్చిలో ఆడిటరు ఆ పేజీ దగ్గర ఆగి
మరక మీద వేలు పెట్టాడు.

చెయ్యి జారిందన్నాను.