సీటు కింది లెక్క

బస్సుల చరిత్ర రాస్తనని వచ్చిన పిలగాడా,
డ్రైవర్లనడిగినవ్, కండక్టర్లనడిగినవ్,
డిపో ఆఫీసుల అటకెక్కి
చెదలు తిన్న రిజిస్టర్లు దులిపినవ్.
నన్నెవరు చూపెట్టిన్రు నీకు?
నేను మణెమ్మను. గౌలిగూడ షెడ్డుల
ముప్పై తొమ్మిదేండ్లు బస్సులూడ్చిన.
నాకు ఇంజన్ తెల్వదు, రూటు తెల్వదు.
సీటు కింద ఏముంటదో తెలుసు.

నాకంటె ముందు మా మామ, బాలనర్సు.
నిజాం కాలంల ఆల్బిన్ బండ్లకు
ఇత్తడి తోమిండట, ముఖం కనవడేదాంక.
ఒకపారి సీటు సందుల హాలీ అణా దొరికితె
జమ చేసి, సాయిబు సంతకం తీస్కున్నడట.
ఆ కాయితం సచ్చేదాంక రుమాల్ల కట్టుకున్నడు.
అణా ఎవరిదో ఇప్పటికి తేలలే.

నా చేతికి చీపురొచ్చేసరికి
షెడ్డు నిండ పల్లెలు దిగుతుండె.
పొద్దున నాలుగ్గొట్టంగ వచ్చే బండిని
బోర్డు చూడకుంటనే చెప్పేదాన్ని:
ఎర్రమన్ను, చింతగింజలైతె పాలమూరు,
బీడాకు ముక్కలు నిజామాబాదు,
తెల్లటి నాపరాయి ధూళైతె తాండూరు.
బందరు బస్సు మాత్రం
ఎండుచేపల వాసనేసుకొని తానే ఎదురొస్తుండె.

దాని సీట్ల కింద ఇసుక ఉంటుండె.
మన మూసీ ఇసుక తీరు కాదు,
నాలిక్కి తాకిస్తె ఉప్పగ.
డ్రైవర్ వీర్లంకయ్య నవ్వేటోడు:
"మా సముద్రాన్ని రోజూ కొంచెం
మీ ఊరికి మోసుకొస్తన్నా మణెమ్మా,
కిరాయి ఎవడిస్తాడు?"
ఆయన మాట గుండ్రంగుండేది, మాది గరుకు.
ఆ ఇసుకను డాల్డా డబ్బల దాస్తుంటి,
రోజుకో చిటికెడు. ఎందుకంటె ఏం చెప్త?

రెండంతస్తుల బస్సొకటుండె.
పైనూడ్వనీకి భయపడి ఎవ్వరు పోకపోతుండ్రి, నేనెక్కుతుంటి.
ఎప్పుడు జూసినా ముందు సీటు కిందనే
నలిగిన మల్లెపూలు.
ఎవరికీ చెప్పలే. నీకే చెప్తున్న.

కర్ఫ్యూ రోజులల్ల సీట్ల కింద ఏమీ లేకుండె.
ఊడ్వనీకి ఏం లేకుంటె చేతులు వణుకుతయి.
బందుల రోజులల్ల అద్దం పెంకులు.
ఉద్యమం ఏండ్లల్ల నేనూ జై అన్న,
అన్నంక చీపురందుకొని అవే పెంకులెత్తిన.
రాసుకో. రెండూ రాసుకో.

తొంభై నాలుగుల దూరం బండ్లన్ని
మూసీ మీద ఇమ్లీబన్ కొత్త స్టేషన్‌కు పోయినయి.
మాకు సిటీ బస్సులు మిగిలినయి.
సిటీ బస్సుల ఏముంటది?
చిరిగిన టికెట్లు, పల్లి పొట్టు, కాలేజి పోరల పెన్ను మూతలు.
మనిషి కూసుంటె కదా ఏమన్న జారేది,
అందరు నిలవడి పోయేటోల్లే.
ఇసుక బందైంది. వీర్లంకయ్య నవ్వు గూడ.
ఎంత దూరం? రెండు ఫర్లాంగులు.
ఒక్కనాడన్న పోయి కలిసి రాకపోతి.

నేను రిటైరైన మూడేండ్లకు
తెల్లారంగ షెడ్డు కూలింది.
మా మామ పిలగాడప్పుడు లేసిన రేకులు,
లోపల ఎవ్వరు లేని జాము చూసుకొని
మెల్లగ పండుకున్నయి.
ముసలోల్లు అట్లనే పోవాలె.

మొన్న ఆడోల్లకు టికెట్ లేదన్నరు.
ఆధార్ కార్డు, డాల్డా డబ్బ సంచిల వెట్టుకొని ఎక్కిన.
"ఎక్కడికవ్వా?"
"బందరుకు."
"అది మన రాష్ట్రం గాదు. కోదాడ దాంకనే."
మిషన్ల నుంచి కర్రుమని సున్న రూపాయల కాయితమొచ్చింది.
నలభై ఏండ్ల కింద అంతా ఒక్కటే రాష్ట్రముండె,
నా తాన పైసలు లేకుండె.

కోదాడల అందరు దిగిన్రు. నేను దిగలే.
చీపురు పట్టుకొని ఒక పిల్ల ఎక్కి
"కాల్లు లేపు అవ్వా" అన్నది.
లేపిన. నా కాల్ల కింద ఇంకొకరూడుస్తుంటె
ఎటు చూడాల్నో తెల్వలే.
డబ్బ మూత తీసి ఒక చిటికెడు
సీటు కింద రాల్చిన, ఆమె చూడకుంట.
మల్ల వెనక్కొచ్చి, గొణుక్కుంట,
దాన్ని గూడ ఊడ్చుకపోయింది.
మంచి పిల్ల. మూలలు విడవలే.