బకెట్ కింద పులుపు

ఈసారి ఉగాదీ, గడియారాలు గంట ముందుకు దూకే ఆదివారమూ
ఒకే రోజు పడ్డాయి వేక్‌ఫీల్డ్‌లో.
రాత్రి డ్యూటీలో ఉన్న సునందకి ఒక గంట కలిసొచ్చింది,
నిద్రపోతున్న మాకు ఒక గంట నష్టం.
కొత్త ఏటి ఆదాయ వ్యయాలు
తెల్లారకముందే తేలిపోయాయి.

మా పచ్చడిలో మామిడికాయ ఉండదు.
మొదటి ఏడు లీడ్స్ దాకా బస్సులో వెళ్లి
మూడు పౌండ్లు పోసి ఒక కాయ తెచ్చాను.
పైకి పచ్చగా ఉంది, కోస్తే తియ్యగా ఉంది,
నమ్మించి గొంతు కోసింది.
అప్పుడే పక్కింటి డోరీన్ గోడ మీంచి
ఎర్రటి కాడలు నాలుగు అందించింది.
రూబర్బ్.
పెరట్లో నల్ల బకెట్ బోర్లించి
దాని కింద చీకట్లో పెంచుతుందట.
వెలుతురు చూపిస్తే ఆకు బలుస్తుంది గానీ
కాడకి ఈ రుచి రాదంది.
"ఆకు మాత్రం తినకండి, విషం" అని
మూడేళ్లుగా ప్రతిసారీ చెబుతుంది.
ఆ హెచ్చరిక వినందే
మాకిప్పుడు పండగ మొదలవదు.

వేపపువ్వు పొట్లం పురుగు పట్టింది,
నిరుడు విప్పనే లేదు.
అందుకని చేదు పని లహరికి అప్పజెప్పాను.
ఏడేళ్ల పిల్ల.
నైట్‌డ్రెస్ మీదే వాన బూట్లు తొడుక్కుని
తడి గడ్డిలో పసుప్పచ్చ డాండిలయన్లు
ఒక్కొక్కటీ కొరికి చూసి, ఉమ్మేసి,
చివరికి ఒకదాన్ని పైకెత్తి పట్టుకుంది:
"నాన్నా, ఇది అన్నిటికంటే బాగాలేదు!"

మా తోరణం ఎండదు, రాలదు.
గ్యాసు బిల్లుల కవర్లు కత్తిరించి
ఆకుపచ్చ క్రేయాన్ రుద్దిన ఆకులు.
బిస్కెట్ల డబ్బాలో పడుకుని ఏడాదికోసారి లేస్తాయి.
ఏటా మనిషికో ఆకు చేరుస్తాం,
వెనక ఆ ఏటి మాట ఒకటి రాసి.
ఈత వచ్చింది.
రెండు పళ్లు ఊడాయి.
డ్రైవింగ్ పరీక్ష మళ్లీ పోయింది. అది నాది.
నిరుటి ఆకుల్లో ఒకటి ఎక్కువ.
సునంద కత్తిరించింది. రంగు వెయ్యలేదు,
వెనక ఏమీ రాయలేదు.
ఎవరిదమ్మా అని లహరి అడిగితే
"వస్తానని, రాలేదు" అంది దారం ముడేస్తూ.
పొట్లం అందుకే విప్పలేదు.
ఆ ఆకునీ ఏటా కడతాం.
మధ్యలో కాదు, చివర్న, కిటికీ వైపు.

పంచాంగ శ్రవణం ఫ్రిజ్ తలుపు దగ్గర.
బడి సెలవుల కాగితం, చెత్తబండి వారాల పట్టిక.
పంతులుగారి గొంతు తెచ్చుకుని లహరి చదివింది:
"మంగళవారం గోధుమరంగు డబ్బా. మే నెలలో పళ్ల డాక్టరు.
నాన్నకి ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు.
అమ్మకి రాజపూజ్యం ఆరు, అవమానం...
అవమానం నేను కొట్టేశాను."
డోరీన్‌కి ఏ రాశో తెలీక రూబర్బ్ రాశి అంది.
ఆ రాశివారికి ఏడాదంతా మోకాళ్ల నొప్పులుండవట.

తొమ్మిదింటికి సునంద వచ్చింది,
నిన్నటి లెక్కన ఎనిమిది.
చేతులు కడుక్కుని, కోటు విప్పకుండానే
వంటింటి గుమ్మంలో నిలబడింది.
రాత్రంతా పని చేసొచ్చిన వాళ్లదే మొదటి చెంచా,
మేం పెట్టుకున్న నియమం అది.
ఏ రుచి ముందు తగిలిందో చెప్పాలి,
అబద్ధమాడకూడదు.
కళ్లు మూసుకుంది.
తీపి అనాలని నేను,
తన చేదే గెలవాలని లహరి,
ఊపిరి బిగబట్టాం.

"ఉప్పు" అంది.

ఉప్పు వేశానో లేదో
నాకే గుర్తులేదు.

ఓవెన్ మీది గడియారం ఇంకా వెనకే ఉంది.
దాన్ని తిప్పే బొత్తాం ఏదో
ఇంట్లో ఎవరికీ తెలీదు.
అక్టోబరు దాకా ఆగితే అదే సరైపోతుంది.
ఇది కూడా మన ఆచారమేనా అని అడిగి,
జవాబు కోసం చూడకుండా
లహరి కొత్త ఆకు వెనక రాసేసుకుంది.