సున్నాకి ఎనభై కింద

అక్కని మా వైపు ఎజె అంటాం.
బురుల్కాన్ ఎజె కోసం నేను తోలింది
ఒకటే పాత ఉవాజ్ జీపు, ఇరవయ్యారేళ్లు.
ఓష్ నుంచి అలాయ్ లోయలోకి దిగేదాకా
ఆమె నోరు విప్పదు.
చిర్‌చిక్ కనుమ మీద ఇంజను చల్లారేలోపు
ఉడికిన గుడ్డు వొలిచి సగం నాకిస్తుంది,
చేతులు కడుక్కున్నావా అని అడిగాకే.

వెనక సీట్లో ఐసుపెట్టె.
ఏముందందులో అని చెక్‌పోస్టు కుర్రాడు అడిగితే
"పెంట. నూట పద్నాలుగు కుక్కలది" అనేది,
ఆప్రికాట్ల బుట్ట గురించి చెప్పినట్టు.
మూత తీయమన్నవాడు ఒక్కడూ లేడు.

ఆమె చదువు నాకు తెలీదు.
తెలిసిందల్లా దారిలో ఏరుకున్నదే.
కుక్క పేగులో నూకంత పురుగు ఉంటుందని,
దాని గుడ్డు బొచ్చు మీదా గడ్డి మీదా పిల్లల వేళ్ల మీదా
కాళ్లు లేకుండానే నడుస్తుందని,
మనిషి కార్జంలో దూరి పదేళ్లు
అద్దె కట్టకుండా గదులు కట్టుకుంటుందని.

చిక్కు అది కాదనేది.
ఈ గుడ్డూ, దీని దాయాదుల గుడ్డూ
కటకం కింద ఒక్కలాగే ఉంటాయి.
అదే గుండ్రం, అవే గీతల పెంకు.
ఒకటి కుక్కతో పోతుంది, ఇంకోటి మనిషిని పట్టుకుపోతుంది.
"నా కళ్లని నేనే నమ్మకూడదని తెలియడానికి
పదకొండేళ్లు పట్టింది" అంది ఒకసారి,
గొర్రెలు దారివ్వని అరగంటలో.

తర్వాత గుడ్డు లోపలి రాత చదివే యంత్రం వచ్చింది.
మాకు చలికాలంలో కరెంటు చుట్టం.
ఫ్రీజరేమో సున్నాకి ఎనభై కింద ఉండాలి, వారం పాటు,
గుడ్లు చచ్చేదాకా.
"బయటంతా మంచే కదా ఎజె, పాతేద్దాం" అన్నాను.
"ఈ మంచు వాటికి దుప్పటి" అంది.
ఆ రాత్రి పెళ్లిహాలు జనరేటరు ఎత్తుకొచ్చాం.
పెళ్లివాళ్లు చీకట్లోనే ఆడారు.

వేసవిలో వేరే మనిషి.
ఎత్తు పచ్చికల మీద గుడారం గుడారం తిరిగి
గుర్రప్పాలు పులిసే తోలుతిత్తికి చెవి ఆనించేది.
ప్రతి ఇంటి తోడూ ఒక చుక్క
గాజుగొట్టంలో దాచి, పేరు రాసి, నిద్రపుచ్చేది.
ముసలి తుర్సునై తోడు చచ్చిపోయిన ఏడు
తొమ్మిదేళ్ల కిందటిది, ఆమె అత్త చేతిది,
లేపి తెచ్చి ఇచ్చింది.
తుర్సునై తాగి, గిన్నె దించకుండా ఏడ్చింది.

మోల్దోకెరిమ్ మాత్రం కుక్కకి మాత్ర వేయనివ్వలేదు.
"తోడేలుని చంపింది ఇది. దీనికి రోగమా?"
నాలుగేళ్లకి అతని మనవరాలు ఉల్జాన్ కడుపులో
స్కానింగు తెర మీద ఒక తెల్ల మబ్బు.
ఓష్ ఆస్పత్రికి నా జీపులోనే వెళ్లింది.
సగం కార్జం తీశారు. పిల్ల బతికింది.
అప్పటినుంచి నెల మొదటి రోజు
గొర్రెతోక కొవ్వులో మాత్ర పొదిగి
అతనే ఊరూరా తిరుగుతాడు.

ఎజె ఆఖరి ఏడాది, ఆఖరి పెట్టె.
అరవయ్యొక్క నమూనాలు, పేర్లుండవు, అంకెలే.
నలభై మూడులో దొరికింది.
రిజిస్టరు తెరిచింది.
అక్‌తోష్. తెల్లఛాతీ కుక్క. గుల్చో, ఆమె గుమ్మం.
లోయంతా మాత్రలు మోసిన మనిషి
ఇంటి కుక్కకి రేపు వేద్దాంలే అనుకుందట,
మూడు శీతాకాలాలు.

కబురెలా తెలిసిందో, మోల్దోకెరిమ్ వచ్చాడు.
ఏమీ అనలేదు. కొవ్వు ముద్ద చాపాడు.
కుక్క మింగింది. ఎజె తారీఖు రాసుకుంది.

మంగళవారం ఆమెని స్కానింగుకి తీసుకెళ్లాను.
దారంతా మాట్లాడుతూనే ఉంది,
వంతెనల గురించి, జీపు గేర్ల గురించి,
చిన్నప్పుడు పడ్డ గవదల గురించి.
చిర్‌చిక్ మీద ఆగాం. గుడ్డు ఈసారి నేనే వొలిచాను.
నేనేం అడక్కుండానే
రెండు అరచేతులూ తిప్పి చూపించింది.