గొట్టం మడత

అర్ధరాత్రి దాటి రెండింటికి
రోల్‌స్టన్ నన్ను పేరు పెట్టి పిలవడు.
పళ్ళు నూరతాడు, అంతే.

లాంతరు ఎత్తి చూస్తాను.
రొమ్ముకు పైన ఉడికిన రాతిరొయ్య ఎరుపు,
నుదుటి మీంచి చెమట కారి కళ్ళలో మంట.
రొమ్ముకు కింద ఐసులో పెట్టిన చేప,
తెల్లగా, చల్లగా, పొడిగా.
ఒక్క చాప మీద రెండు వాతావరణాలు.

"తలలో సుత్తి" అంటాడు.
నేను తలనొప్పి మాత్ర వెతకను.
దుప్పటి లాగి గొట్టం వెతుకుతాను.

మొదట్లో తెలియదు.
లివా మైరిన్ పగబట్టిందనుకున్నాం,
సముద్రం అడుగున ఆమె సొత్తు ఎత్తుకొచ్చినందుకు.
రోజుకు పన్నెండు సిలిండర్లు ఖాళీ చేసేవాడు.
ఆ చివరిసారి గాలి అయిపోయి గబగబా పైకొచ్చాడు.
వెన్నులో బుడగలు, సోడా మూత లాగినట్టు.
అత్త కొబ్బరినూనెలో ఆకులు నూరి రాసింది.
పాస్టరు మోకరిల్లాడు.
సుత్తి ఆగలేదు.

ప్యూర్తో లెంపీరా ఆసుపత్రిలో నర్సు దియోనీసియా
మందుల అట్టపెట్టె చింపి, దాని మీద గీసి చూపించింది.
ఇది మెదడు. ఇది వెన్ను. ఇక్కడ వంతెన కూలింది.
కింద తిత్తి నిండి, "నిండాను" అని కబురంపుతుంది.
కబురు కూలిన చోటు దాకా వచ్చి
అవతలికి పోలేక అక్కడే పెడబొబ్బలు పెడుతుంది.
కింది నరాలకు పెద్దదిక్కు లేదు కదా,
బెదిరి రక్తనాళాలన్నీ బిగించేస్తాయి.
రక్తం పైకి తంతుంది.
మెడలో కాపలావాళ్ళుంటారట,
నాళం గోడ సాగితే కేక వేస్తారు.
మెదడు గుండెతో అంటుంది: నెమ్మది, నెమ్మది.
గుండె మాట వింటుంది.
"బిగింపు వదలండి" అన్న రెండో తాకీదు మాత్రం
అదే వంతెన దగ్గర నీళ్ళపాలు.

తల ప్రాణం తోకకొచ్చిందంటారే,
మా ఇంట్లో తోక ప్రాణం తలకెక్కుతుంది.

కూర్చోబెట్టాను. కాళ్ళు మంచం కిందికి వేలాడేశాను.
నడుం తాడు వదులు చేశాను.
గొట్టం తొడ కింద మడతపడి ఉంది.
సరిచేశాను.
కాసేపు ఏమీ లేదు.
తరవాత ఒక చుక్క, తరవాత ధార,
రేకుల మీద వాన మొదలైన చప్పుడు సంచిలో.
మిషను రెండు వందల పది అంది, నూట డెబ్భై అంది.
అంకెలు వదిలేసి నేను అతని చెవులు చూస్తాను,
ఎరుపు ముందు దిగేది అక్కడే.

"ఎంతొచ్చింది?"
"ఆరు వందల మిల్లీ."
"ఇంత ఉచ్చకేనా నేను పోవాల్సింది?"
నవ్వాడు, తల పట్టుకునే.

తెల్లారితే ఇదే మనిషి
లేపి కూర్చోబెడితే కళ్ళు తేలేస్తాడు.
రాత్రి వద్దన్నా బిగిసిన నాళాలకు
పొద్దున బిగియమని చెప్పే నాథుడుండడు.
పొట్టకు గుడ్డ చుట్టి లేపాలి, కాస్త కాస్తగా,
పడవను ఇసుక మీదికి లాగినట్టు.

సంచి పారబోయడానికి దిగ్గున లేచాను.
కాళ్ళలోకి జారబోయిన నా రక్తాన్ని
మెడలో ఎవరో చూసి, పట్టి నిలబెట్టారు.
నేను అడగలేదు. వాళ్ళు చెప్పలేదు.
ముప్పై తొమ్మిదేళ్ళ చాకిరీ,
ఒక్క లెంపీరా జీతం లేదు.

మెట్ల మీద ఆగాను.
నాకూ వెళ్ళాలని అప్పుడు గుర్తొచ్చింది.
ఇంతసేపూ ఆపుకునే ఉన్నానన్నమాట.
ఎవరు ఆపారో.
మడుగు గట్టున చీకట్లో కూర్చుని
వదలమని అనుకున్నాను,
వదిలింది.