ప్లగ్గు పీకేదాకా శాశ్వతం

కుతాయిసిలో కరెంటుకు వేళాపాళా లేని చలికాలం.
బ్లడ్ బ్యాంకు పైమేడలో, కట్టెల పొయ్యి పక్కన,
లేజర్ ప్రింటరు రాత్రికి రాత్రి అంతా మరచిపోతుంది.

పొద్దున్నే నా మొదటి పని దానికి అక్షరాభ్యాసం.
చేతి తొడుగులు తీయకుండానే ఫ్లాపీ దూర్చి
నల్లటి తెర మీద కొడతాను:
కాపీ, ఏటవాలు గీత, బి, ఫాంటు పేరు, పోర్టు పేరు.
ఆ బి మరిచానా,
ఫైలు నడిమధ్యన ఏదో గుర్తు కనబడగానే
ఇక అయిపోయిందనుకుని చేతులు దులుపుకుంటుంది కంప్యూటరు.
సగం చదువుల ప్రింటరు ఆరు దాకా గీతలు గీస్తుంది,
ఏడు అడిగితే తెల్లమొహం వేస్తుంది.

ఈ కిటుకు చెప్పింది వర్లామ్.
ముప్పై ఏళ్ళు తంతి ఆఫీసులో చేసి వచ్చిన మనిషి.
సన్నం, లావు, సన్నం, సన్నం, అంటూ
బల్ల మీద వేలితో తట్టి చూపించేవాడు.
"ఒక్కో అక్షరానికి తొమ్మిది పట్టీలు. మూడే లావువి.
ఇది నా పాత భాషే, పిల్లా.
అప్పుడు పడుకుని ఉండేది, ఇప్పుడు లేచి నిలబడింది."

మా లిపిలో నిటారు గీత కనబడడమే అరుదు.
అన్నీ వంపులూ కొక్కేలూ ద్రాక్షతీగ కొసలూ.
అమ్మమ్మ పేరు రాస్తే ఊలు అల్లినట్టుంటుంది.
ఆ అల్లిక నేర్చిన చేతులతోనే
రోజంతా కంచెకర్రలు నాటుతున్నాను.

కంచెకూ పట్టింపులున్నాయి.
టోనరు పొదుపు చేస్తే గీతకు చిల్లులు పడతాయి.
సాగదీస్తే అర్థం మారుతుంది.
అటూ ఇటూ కాస్త తెల్లజాగా వదలకపోతే
మాట ఎక్కడ మొదలో స్కానరుకు తెలియదు.
దాన్ని నిశ్శబ్దపు చోటు అంటారట.
మా ఇంట్లో ఆరుగురం, నాకే లేదు అంత చోటు.

పుస్తకంలో రెండు రకాలు రాశారు: తాత్కాలికం, శాశ్వతం.
మొదటిరోజు సంబరంగా శాశ్వతమే ఎంచుకున్నాను.
మర్నాడు ప్రింటరు నన్నెరగనట్టు చూసింది.
కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది,
శాశ్వతం అంటే ప్లగ్గు పీకేదాకా.
వర్లామ్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు.
"మనకిది కొత్తా, సిసానా? ఎన్ని జెండాలు దించలేదు!"

ఫిబ్రవరిలో ఒక రాత్రి
రియోని ఒడ్డున మినీబస్సు దొర్లింది.
రక్తం ఇస్తామని మెట్ల మీద జనం, ఓవర్‌కోట్ల మీద మంచు.
నడుమ ఎప్పుడో కరెంటు రెప్ప వేసి తెరిచింది. నేను చూడలేదు.
లేబుళ్ళు వచ్చాయి. గీతలు రాలేదు.
నక్షత్రం, అంకెలు, నక్షత్రం.
స్నానానికి దిగినవాళ్ళలా ఉత్త అంకెలు.
ఆ నక్షత్రాలు రోజూ నేను కొట్టేవే,
ఇక్కడ మొదలు, ఇక్కడ చివర అని చెప్పడానికి.
గీతల్లో కలిసిపోయాక వాటిని మళ్ళీ చూడడం అదే మొదలు.
స్కానరు నోరు విప్పలేదు.

ఫ్లాపీ ఏ సొరుగులో ఉందో. వర్లామ్ కలం తీశాడు.
పదిహేడు సంచులు.
నేను చదివితే ఆయన రాశాడు,
ఆయన చదివితే నేను సరిచూశాను,
పేరు, గ్రూపు, మళ్ళీ పేరు.
ఆఖరిది కింది వీధిలో రొట్టెలమ్మే జుజునాది.
సిరా ఆరకముందే పట్టుకుపోయారు,
ఆమె పేరులో సగం నా బొటనవేలికి అంటింది.

ఎవరు దక్కారో పైమేడ దాకా కబురు రాదు.
ఖాళీ సంచులు తిరిగొస్తాయి. పదిహేడూ వచ్చాయి.

తెల్లారింది. ప్రింటరు వెచ్చబడుతున్న వాసన.
కాపీ, గీత, బి.
పరీక్షకు రోజూ ఒకటి రెండు మూడు కొడతాను.
ఇవాళ జుజునా అని కొట్టాను,
పరాయి అక్షరాల్లో, రెండు నక్షత్రాల నడుమ.
స్కానరు కూసింది.

చిట్టాలోంచి తల ఎత్తకుండానే
"ఎవరు?" అన్నాడు వర్లామ్.